ఇంటికి రెండు సాళ్ళు

పుంగనూరు వర్తక సంఘం వాళ్ళు "పరిసరాలు, మన ఆరోగ్యం" అని ఉపన్యాసం పెట్టించినప్పుడు వేదిక మీద నాలుగు కుర్చీలు వేసి, అందులో ఒకటి వెంకటరమణప్పకు ఇచ్చారు. రెండువేల మూడో సంవత్సరం మాట. బైరెడ్డిపల్లె దగ్గరి పల్లెలో ఆయనకు మూడెకరాల మెట్ట, ఒక బోరు ఉండేవి. ఆ బోరు కింద పండే టమోటా మచ్చలేని సరుకని మదనపల్లె మార్కెట్టులో పేరు. పుంగనూరులో తెలిసిన కొన్ని ఇళ్ళకు కూడా వారానికోసారి గంప తెచ్చి వేసేవాడు. అందుకే సంఘం అధ్యక్షుడు, కిరాణా కొట్టు శ్రీరాములు స్వయంగా పల్లెకొచ్చి పిలిచాడు. చివర్లో వందన సమర్పణ కూడా నువ్వే చేయాలని నాలుగు వాక్యాలు కాగితం మీద రాసిచ్చి పోయాడు.

వెంకటరమణప్ప ఆ నాలుగు వాక్యాలనూ మూడు రోజులు బట్టీ పట్టాడు. మడికి నీళ్ళు కడుతూ, ఆవుకు గడ్డి వేస్తూ అవే వల్లించాడు. విని విని భార్య ఆదిలక్ష్మమ్మకు కూడా నోటికొచ్చేశాయి. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ ఆమె అందించేది.

ఆదివారం సాయంత్రానికి కళ్యాణమండపం నిండిపోయింది. మొగుడు వేదిక మీద కూర్చుంటే చూడాలని ఆదిలక్ష్మమ్మ కూడా వచ్చి, ఆడవాళ్ళ వైపు శ్రీరాములు తల్లి గోవిందమ్మ పక్కన కూర్చుంది. గోవిందమ్మది వెంకటరమణప్ప గంప దించే మొదటి ఇల్లు.

ఉపన్యాసం ఇచ్చేది మదనపల్లెలో వైద్యం చేసే నీరజ. ఆమె పెద్ద పెద్ద మాటల జోలికి పోలేదు. తన దగ్గరికి వచ్చే రోగుల గురించి, పేర్లు దాచి, కథలు చెప్పినట్టు చెప్పుకుంటూ పోయింది. పొయ్యి పొగకు దగ్గి దగ్గి నిద్రపోని ఆడవాళ్ళు, బోరునీళ్ళలోని ఫ్లోరైడుకు పళ్ళు గారపట్టిన పిల్లలు. జనం తలలూపుతూ విన్నారు.

"ఇంకో రకం వాళ్ళు కూడా వస్తారు," అంది. పొద్దున పైరుకు మందు కొడతారు, సాయంత్రానికి తల పగిలిపోతుంది, కళ్ళు మసకబారతాయి, కడుపులో తిప్పుతుంది. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకుంటారు. వాళ్ళు మందు కట్టెతో కాకుండా చేత్తో కలుపుతారు. గాలికి ఎదురు నడుస్తారు. ముక్కుకు గుడ్డ కట్టమంటే ఊపిరాడదంటారు.

వెంకటరమణప్ప కుర్చీలో వెనక్కి జరిగాడు. ఈ డాక్టరమ్మ ఎప్పుడో తన గట్టు మీద నిలబడి అంతా చూసిపోయిందేమో అనిపించింది. ఆ తలనొప్పి ఆయనకు పదేళ్ళ నేస్తం. అది తమ వంశంలోనే ఉందని అందరికీ చెప్పుకునేవాడు.

అంతలో నీరజ ఆయన వైపే తిరిగి, మందు కొట్టిన ఎన్నాళ్ళకు కాయ కోస్తారని అడిగింది. మర్నాడు మార్కెట్టు ఉంటే ముందురోజు కూడా కొట్టిన సంగతి ఆయనకు తెలుసు. ఒకోసారి మూడు దినాలు, ఒకోసారి అంతకు తక్కువ అని నసిగాడు. సభలో ఎవరో కిసుక్కున నవ్వారు.

మొగుణ్ణి తప్పుపడుతున్నారనుకుంది ఆదిలక్ష్మమ్మ. గమ్మున లేచి నిలబడింది.

"మా ఇంటాయన మంచోడమ్మా. ఇంట్లోకని రెండు సాళ్ళు వేరేగా పెట్టుండాడు. బిడ్డలు తింటారని వాటికి సుక్క మందు కూడా కొట్టడు."

గోవిందమ్మ ఆమె కొంగు పట్టుకుని లాగి, అందరికీ వినబడేట్టు అడిగింది.

"అట్లయితే ఆదిలక్ష్మమ్మా, మా ఇంటికి వస్తాండేది ఏ సాలు కాయ?"

మండపమంతా గొల్లుమంది. నీరజ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆదిలక్ష్మమ్మకు అప్పటికి గానీ తాను ఏమన్నదీ అర్థం కాలేదు. కూలబడి తల వంచుకుంది.

ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పిందేదీ వెంకటరమణప్ప చెవికెక్కలేదు. వందన సమర్పణకు పేరు పిలిస్తే మైకు దాకా వెళ్ళాడు. నాలుగు వాక్యాల్లో ఒక్కటి కూడా గుర్తు రాలేదు. కాగితం కోసం జేబు తడుముకుని, అది కూడా మానేశాడు.

"మా ఇంటామె చెప్పింది నిజమే," అన్నాడు. "నా బిడ్డలకు పెట్టేదానికి భయపడి, మీ బిడ్డలకు తెచ్చి పోసినాను. అది తప్పు. ఒప్పుకుంటాండాను. ఒక మాట మాత్రం అడగతా. గంప దించినాక మీరేం చేస్తారు? ఒక్కో కాయా తిప్పి తిప్పి సూస్తారు. మచ్చ కనబడితే పక్కన పెడతారు. మార్కెట్లో కూడా అంతే. ఆ మచ్చకు భయపడే నేను మందు కొట్టేది. మచ్చ కాయ తినేవాళ్ళుంటే చెయ్యెత్తండి. ఆ రెండు సాళ్ళు ఇరవై చేస్తాను."

ఎవరూ నవ్వలేదు. ముందు గోవిందమ్మ చెయ్యి లేచింది.

"మచ్చ కోసి పారేస్తే సరిపోదా రమణప్పా. నేను తింటాలే."

ఆమె వెనక డజను చేతులు లేచాయి. వెంకటరమణప్ప వచ్చి కూర్చున్నాక శ్రీరాములు ఆయన చెవిలో, వందనాలు చెప్పనే లేదు కదప్పా అని గొణిగాడు. ఆయన మళ్ళీ లేచి, అందరికీ నమస్కారం అని చెప్పి వచ్చాడు.

తిరుగు బస్సులో ఆదిలక్ష్మమ్మ మొగుడికి ఎడంగా ఒదిగి కూర్చుంది. తిడతాడనుకుంది. ఆయన కిటికీలోంచి చూస్తూ, ఇరవై సాళ్ళకు పురుగును ఎట్లా ఆపాలో నువ్వే చెప్పాలని మాత్రం అన్నాడు.

ఎట్లా ఆపాలో ఆమెకూ తెలియదు. నీరజ తన ఎరుకలో ఉన్న వ్యవసాయాధికారిని పంపించింది. పదహారు సాళ్ళకు ఒక సాలు బంతి వేస్తే పురుగు ముందు దాని మీదికి పోతుందన్నాడాయన. వేపగింజల కషాయం ఎలా తీయాలో చూపించాడు. ఆదిలక్ష్మమ్మ గింజలు ఏరి, దంచి, రాత్రంతా నానబెట్టేది. చేతుల చేదు అన్నానికి కూడా అంటేది.

మొదటి పంటలో పురుగు గట్టిగానే తినింది. ఒకరోజు గోవిందమ్మ కబురు పెడితే వెంకటరమణప్ప గుండె చేత పట్టుకుని వెళ్ళాడు. ఆమె పళ్ళెంలో సగం కోసిన టమోటా, దాంట్లో మెదులుతున్న పచ్చపురుగు చూపించింది.

"అది బతికుండాది గదమ్మా," అన్నాడు ఆయన. "దాన్ని సంపని కాయ మిమ్మల్నేం చేస్తాది?"

గోవిందమ్మ పకపకా నవ్వింది. పురుగున్న భాగం కోసి అవతల పారేసి, మిగతాది పప్పులో వేయమని కోడలికిచ్చింది.

మార్కెట్టుకు పోయే చేనుకు మందు పూర్తిగా మానలేకపోయాడు గానీ, ముక్కుకు గుడ్డ కట్టి, గాలివాలు చూసి, కొట్టాక వారం ఆగి కోయడం అలవాటు చేసుకున్నాడు. పదేళ్ళ తలనొప్పి ఎప్పుడు వదిలిందో ఆయనకే తెలియదు. ఆదిలక్ష్మమ్మ అడిగితే ఆలోచించి, ఉగాది నుంచి రాలేదన్నాడు. రెండేళ్ళకు ఇరవై సాళ్ళు అరెకరమయ్యాయి.

ఆ ఏడు నీరజ కుప్పంలో మాట్లాడబోతూ మొగుడూ పెళ్ళాలిద్దర్నీ వెంట తీసుకెళ్ళింది. కాగితం, బట్టీ లేకుండా వెంకటరమణప్ప పది నిమిషాలు మాట్లాడాడు. కషాయం కొలతలు అడిగితే మాత్రం ఆదిలక్ష్మమ్మను లేపాడు. సభ అయ్యాక మునెప్ప అనే వంకాయల రైతు, తెలుగులో తమిళం కలిపి మాట్లాడుతూ, నా చేను చూసిపోతే గానీ వదలనని ఇద్దర్నీ లాక్కుపోయాడు. ఆదిలక్ష్మమ్మ చెట్టు చెట్టుకూ వంగి, ఆకు తిప్పి, ఎక్కడ గుడ్లున్నాయో మునెప్ప భార్యకు చూపించింది. ఆ చూడ్డంలో సాయంత్రం బస్సు తప్పిపోయింది. వచ్చే బస్సుకు ఇంకా గంట ఉందని, మునెప్ప భార్య వాళ్ళను కూర్చోబెట్టి, వేడివేడి సంకటి ముద్దలు, వంకాయ పులుసు వడ్డించింది.