రూప్‌సింగ్‌ది ఏ పటాలం?

రూప్‌సింగ్ రెండో ప్రపంచ యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. చనిపోయాడన్న కబురు కూడా రాలేదు. ‘బర్మాలో ఇంకొకతెను కట్టుకుని అక్కడే ఉండిపోయాడు’ అని ఏన్కూరు దగ్గరి వాళ్ల తండాలో తేల్చేశారు. అతని కొడుకు పారిపోయినవాడి కొడుకనే పేరుతోనే పెరిగాడు. భార్య ద్వాలి మాత్రం ఆ మాటను ఏనాడూ ఒప్పుకోలేదు.

1986 ఎండాకాలంలో మనవరాలు లాలి ఈ సంగతి తేల్చాలని పట్టుబట్టింది. ఆమె సారపాక కాగితం మిల్లులో టైపిస్టు. అక్కడ పనిచేసే మాజీ సైనికుడొకాయన, వైరాలో ఉండే రిటైర్డ్ సుబేదారు సీతయ్య దగ్గర పాత పటాలాల పుస్తకాలు అల్మారా నిండా ఉన్నాయని చెప్పాడు.

రూప్‌సింగ్ సెలవు మీద వచ్చినప్పుడు ఇచ్చిపోయిన, పటాలం గుర్తున్న ఇత్తడి బిళ్ల ఒక్కటే వాళ్ల దగ్గరున్న ఆధారం. దాన్ని ద్వాలి రవికె మీద అద్దాల మధ్య కుట్టుకుంది.

“దాదీ, ఆ బిళ్ల ఇయ్యి. చూపిచ్చుకొస్త.”

“ఇయ్య. నేనే వస్త.”

వైరాలో సీతయ్య కళ్లద్దాలు పెట్టుకుని, బిళ్లల బొమ్మలున్న పుస్తకం తిరగేశాడు. ఒక బొమ్మ దగ్గర ఆగాడు.

“ఇది పయనీర్లది. లడాయిల రోడ్లు, వంతెనలు కట్టినోళ్లు. కానీ అమ్మా, గసొంటి కంపెనీలు మస్తుండె. నంబరు తెల్వకుంటే ఈ పుస్తకాలు ఏం చెప్పలేవు.”

“సార్, నంబరు ఏడ దొరుకుతది?” అంది లాలి.

“కొందరు బిళ్ల ఎనక గీసుకునేటోళ్లు.”

“ఎనక గీతలున్నయ్,” అంది ద్వాలి. “అరిగిన గీతలనుకున్న.”

కత్తెర అడిగి తనే దారాలు తెంపింది. చింతపండుతో తోమితే అంకెలు తేలాయి. ఒకటి కంపెనీది, ఇంకొకటి సిపాయిది.

సీతయ్య మరో పుస్తకం తీశాడు. ఆ కంపెనీ మణిపూర్ కొండల్లో రోడ్డు వేసిందని, 1944లో శత్రువుల గుండ్ల మధ్యే పని చేసిందని అందులో ఉంది. తర్వాత చనిపోయినవాళ్ల పేర్లున్న లావుపాటి పుస్తకం ముందు పెట్టుకుని లాలి కూర్చుంది. రూప్‌సింగ్‌లు ఎందరో ఉన్నారు. పంజాబువాళ్లు, రాజపుత్రులు. ఏ నంబరూ కలవలేదు.

“ఇగ లేనట్టే బిడ్డా,” అన్నాడు సీతయ్య.

“పేరు తప్పు రాసిండ్రేమో సార్. నంబరు పట్టుకుని మొదటిసంది చూస్త.”

పొద్దు వాలేవేళకు దొరికింది. ‘రూపా సింగ్’ అని రాశారు. కంపెనీ అదే, నంబరూ అదే. ఇంఫాల్లో రాతి మీద చెక్కిన పేర్లలో అతనిదీ ఒకటని కింద ఉంది.

“పారిపోలే గద సారూ?” అంది ద్వాలి.

“లేదమ్మా. డ్యూటీ మీదనే పాణం ఇడిసిండు.”

ఆమె అక్కడే కూలబడి గొంతెత్తి ఏడ్చింది. ఏడుపు ఆగాక ముఖం కడుక్కుని, బస్సు దొరుకుతుందా అని అడిగింది.

మర్నాడు తండా పెద్ద నాయక్ పూల్‌సింగ్ ఇంటి ముందు తండా అంతా కూడింది. సీతయ్య పుస్తకంలోంచి రాసుకొచ్చినదాన్ని లాలి చదివి వినిపించింది.

“ఇన్నేండ్లు అన్నరు, పడ్డ,” అంది ద్వాలి. “ఇగ ఎవ్వలన్నా అంటే ఊకోను.”

పూల్‌సింగ్ తలపాగా తీశాడు. “తప్పయింది ద్వాలీ. కర్మ ఇప్పుడన్నా చేద్దాం. తండా అంతా నిలబడతది.”

తండ్రికి కొడుకు కర్మ చేశాడు. ఆ పని ముగిశాక ద్వాలి మనవరాలిని పిలిచింది.

“ఆ రాయి కాడికి రైలు పోతదా?”

“అస్సాం దాకా పోతది దాదీ. ఆడికెల్లి బస్సు.”

“అయితే సెలవు పెట్టు.”