తువ్వాల కింద పిడికిలి

ధర్మాబాద్ ధాన్యం బజారు మోండాలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చేతులు కలిపి వేళ్ళు నొక్కుకుంటారు. చూసేవాళ్ళకు ముఖాలు తప్ప ఏమీ కనబడవు. తన ఐదేళ్ళ అధికారం మీద జనం మాట కూడా అట్లాగే తెలుసుకుంటానన్నాడు కాశీనాథ్ సేటు.

ఆయన మున్సిపాలిటీ అధ్యక్ష పదవి దిగి నాలుగేళ్ళయింది. మళ్ళీ ఎన్నికల్లో నిలబడడానికి నామినేషన్ వేయాలంటే రేపే ఆఖరు రోజు. నింపిన ఫారం అంగీ జేబులో ఉంది. ఒక్క వేలు నొక్కితే నిలబడమని, పిడికిలి పెడితే వద్దని. కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు దయానందే అందరి చేతులు పట్టాలని ముందు అనుకున్నారు. తీరా వేళకు సేటు తువ్వాల తనే అందుకున్నాడు.

కూతురు సుమంగళ జొన్నబస్తాల పక్కన నిలబడి చూస్తోంది. స్టేషన్ దాకా రోడ్డు ఆయనే వేయించాడు, అందరూ ఒప్పుకుంటారు. డెబ్బై రెండు కరువులో నీళ్ళ ట్యాంకర్‌ను ముందు సేట్ల ఇండ్లకే పంపాడు, ఆ మాట ఎవరూ ఎత్తరు. ట్యాంకర్ రాని ఒకనాడు, మోండాలో గింజలు చెరిగే శివవ్వ కోడలు పాడుబావిలోకి దిగి నడుం విరగ్గొట్టుకుంది. ఇప్పటికీ మంచంలోనే ఉంది.

ఒక్కొక్కరే వచ్చి పోతున్నారు. నాయిన ముఖం వెలుగుతోంది. శివవ్వ కూడా చెయ్యి పెట్టింది. సేటు నవ్వి, కోడలు ఎట్లుందని అడిగాడు. ఆమె తల వంచుకొని ఇవతలికి వచ్చి చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"ఏమిచ్చినవ్ అవ్వా?" సుమంగళ మెల్లగా అడిగింది.

"ఒక్క ఏలే నొక్కిన బిడ్డా. చెయ్యి ఆయనే పట్టుకుంటే పిడికిలెట్ల ఇస్త?"

ఆఖరున సుమంగళ వంతు. తువ్వాల కింద పిడికిలి బిగించింది. ఆయన పొరపాటనుకున్నాడేమో, వేళ్ళు విప్పబోయాడు. ఆమె విప్పలేదు. ఆయన బలంగా లాగాడు. గాజు చిట్లి మణికట్టుకు గుచ్చుకుంది. అయినా విప్పలేదు. ఆయన నవ్వు ఆగిపోయింది.

ఆమె చెయ్యి వదిలి, తువ్వాల దయానంద్ భుజం మీద వేశాడు.

"నువ్వు పట్టు. మళ్ళ మొదటికెల్లి."

సేటు అటు తిరిగి కూర్చున్నాడు. ఈసారి శివవ్వే అందరికన్నా ముందు నడిచింది. వరుస అయిపోయాక దయానంద్ వచ్చి, లెక్క నోటితో చెప్పకుండా, సేటు చేతిని తువ్వాల కిందికి తీసుకున్నాడు. సుమంగళకు నాయిన ముఖం ఒక్కటే కనబడింది. అందులో ఇందాకటి వెలుగు లేదు.

ఆయన జేబులోంచి ఫారం తీసి, నాలుగు మడతలు పెట్టి, కూతురి వైపు చాచాడు. ఆమె ఎడమ చేత్తో అందుకుంది. కుడి చెయ్యి ఇంకా పిడికిలిగానే ఉంది.