పాదం నేలకు ఆనాలి

ఆవిడ భర్తతో వచ్చిన చిక్కల్లా ఆయన ఎవరినీ నిలబడనివ్వకపోవడమే. పాలవాడొచ్చినా, పక్కింటాయన పేపరు కోసం వచ్చినా ముందు కూర్చోబెడతాడు. కూర్చున్నాక మొహం చూడడు, మడమలు చూస్తాడు. పాదం నేలకు ఆనాలంటాడు. ఎవరి మడమైనా గాలిలో తేలుతూ కనిపించిందా, ఆ పూట ఆయనకు ముద్ద దిగదు. కుర్చీలు చేసేవాణ్ణి చేసుకుంటోంది, ఇంట్లో కుర్చీలకు కొదవుండదని పెళ్ళినాడు అందరూ మురిసిపోయారు. కొదవ లేని మాట నిజమే. హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళాలంటే వాటిని తప్పించుకుంటూ ఒక పక్కకు తిరిగి నడవాలి. కొదవల్లా కూర్చునే మనిషికే. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక ఒకచోట కుదురుగా కూర్చున్నది తక్కువ.

అందుకే సైకిలు. మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, సైకిలెక్కి, వంతెన దాటి అక్కగారింటికి పోవడం, అక్కతో కాసేపు తగువు పడి, టీ తాగి తిరిగి రావడం. రోజు మొత్తానికి ఆవిడకు ఊపిరాడేది ఆ కాసేపే.

నొప్పి మొదలైందీ ఆ దారిలోనే. మొదట్లో వంతెన ఎక్కేటప్పుడు మాత్రం కుడి మోకాలి చిప్ప కింద ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుండేది. తర్వాత మెట్లు దిగుతున్నా అదే, కూర్చుని లేచినా అదే. డాక్టరు చిప్ప మీద బొటనవేలితో నొక్కి, కొన్నాళ్ళు సైకిలు ఆపి చూడమన్నాడు. పక్కనే ఉన్న భర్త ఆ మాటలోంచి 'కొన్నాళ్ళు' అక్కడే వదిలేసి, 'ఆపడం' ఒక్కటీ ఇంటికి పట్టుకొచ్చాడు. ఆదివారం తన మేనకోడలు వస్తుందనీ, కాలేజీకి వెళ్ళడానికి సైకిలు కావాలంటోందనీ, దానికి ఇచ్చేద్దామనీ తేల్చేశాడు.

ఆవిడ ఊరుకుంది. ఊరుకుందంటే నోటితోనే. ఒళ్ళు ఊరుకోదు కదా. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. పడుకోబోయి లేచింది. ఒక కుర్చీలో కూర్చుని, అందులోంచి ఇంకోదానిలోకి మారి, అక్కడా నిలవలేక కిటికీ దగ్గరికి పోయింది. భోజనానికొచ్చిన భర్త, ఇన్ని కుర్చీలుండగా ఆ తిరుగుడేమిటని అడిగాడు.

రెండు రోజులకే ఓపిక నశించి, నొప్పెడితే పెట్టిందని అక్కగారింటికి తొక్కుకుంటూ పోయింది. తిరిగి బయలుదేరబోతే వెనక చక్రం పంక్చరు. అక్క తన సైకిలిచ్చి పొమ్మంది. ఇద్దరిలో అక్క పొడుగు. ఆ సీటెక్కితే అటకెక్కినట్టుంది. ఆగాల్సివస్తే మునివేళ్ళు మాత్రమే రోడ్డుకు తగులుతున్నాయి. ఎక్కడ పడతానో అన్న బెంగలో వంతెన సగం ఎక్కేదాకా ఆవిడ గమనించనే లేదు. మేకు లేదు. నమ్మకం కుదరక, కావాలని గట్టిగా తొక్కి చూసింది. లేదు. కాలు కిందికి పోయినప్పుడు హాయిగా సాగుతోంది, పైకొచ్చినప్పుడు మోకాలు మడత పడి పొట్టలోకి రావడం లేదు.

తన సైకిలు సీటు బిగించిందెవరో అప్పుడు గుర్తొచ్చింది. కొన్న రోజునే భర్త ఆవిణ్ణి దానిమీద కూర్చోబెట్టి, మడమలు చూసి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేదాకా సీటు దించి బిగించాడు. అచ్చం కుర్చీకి కొలత చూసినట్టే.

మర్నాడు పంక్చరు వేయించి సైకిలు తెచ్చుకుని, సీటు బెత్తెడు పైకి లేపింది. సాయంత్రానికి అది దిగిపోయింది. మళ్ళీ లేపింది. తెల్లారేసరికి మళ్ళీ దిగింది. ఇద్దరూ ఏమీ ఎరగనట్టే తిరిగారు. చివరికి ఆవిడే కదిపింది. అక్క సైకిలు మీద నొప్పి రాలేదనీ, లోపం మోకాల్లో కాదు, సీటులో ఉందనీ చెప్పింది.

"నేను బిగించిన సీటులోనా?" అన్నాడాయన. "ఇన్నేళ్ళుగా జనాన్ని కూర్చోబెడుతున్నాను. మోకాలు నొప్పని ఒక్కరూ తిరిగి రాలేదు."

"వాళ్ళెవరూ మీ కుర్చీలు తొక్కుకుంటూ వంతెన ఎక్కలేదు కదండీ."

ఆయన నవ్వలేదు. కాలందని సీటు మీంచి పడితే తుంటి విరుగుతుందనీ, ఆదివారం పిల్ల వచ్చి తీసుకుపోతుందనీ, ఇక ఆ ఊసెత్తొద్దనీ అన్నాడు. అంటున్నంతసేపూ ఆయన చూపు ఆవిడ కాళ్ళమీదే ఉంది. ఆయనది పంతం కాదు, భయం. ఆ సంగతి తెలిసేసరికి ఆవిడకు మరీ చికాకేసింది. పంతమైతే హాయిగా పోట్లాడుకోవచ్చు.

ఇంటి వెనక షెడ్డులో పనిబల్ల ముందు ఆయన తనకోసం చేసుకున్న ఎత్తు స్టూలుంది. దానిమీద సగం కూర్చుని, సగం నిలబడి, కాళ్ళు చాపుకుని పని చేసుకుంటాడు. మడమలు నేలకు ఆనవు. అందరి మడమలూ చూసే మనిషి తన మడమలు ఎన్నడూ చూసుకోలేదు. శనివారం పొద్దున ఆవిడ ఆ స్టూలు తెచ్చి పడగ్గది తలుపు వెనక దాచి, దాని చోట చంటిపిల్లల బడి కోసం చేసిన బుల్లి స్టూలు పెట్టింది. పెద్దదేదని ఆయన అడిగితే, అటక సర్దడానికి కావాలంది.

"ఈ పూటకి దీంతో సర్దుకోండి. పాదం చక్కగా ఆనుతుంది."

ఆయన ఇంకోటి తెచ్చుకోబోయినవాడల్లా ఆ ఆఖరి మాట దగ్గర ఆగిపోయాడు. తన మాటను తనే ఎలా కాదనగలడు? బుల్లి స్టూలు మీదే చతికిలబడ్డాడు. ఆ రోజు కుర్చీకాళ్ళకు గరుకుకాగితం పట్టే పని. ఒకటి రుద్దడం, లేచి బల్లమీద పెట్టడం, ఇంకోటి అందుకుని మళ్ళీ కూలబడటం. మోకాళ్ళు గడ్డాన్ని పలకరిస్తున్నాయి. ఆవిడ ఏదో ఒక వంకతో షెడ్డు కిటికీ దగ్గరికి పోతూనే ఉంది. ఉప్పు డబ్బా పట్టుకుని ఒకసారి, ఏమీ పట్టుకోకుండా ఒకసారి. ఆయన లేచేటప్పుడు బల్లమీద చెయ్యి మోపడం చూసి, పాపం, తెచ్చి ఇచ్చేద్దామా అనుకుంది. ఇచ్చేస్తే రేపు సైకిలు పోతుంది. ఇవ్వలేదు.

మధ్యాహ్నం ఆయన షెడ్డు మెట్లు ఒక్కొక్కటే దిగి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని, బల్లకింద మోకాలు నిమురుకున్నాడు. ఆవిడ ఆయన మొహం చూడలేదు, మడమలు చూసింది. ఆయన అది గమనించాడు. సాయంత్రం దాకా ఆవిడకు కాలు నిలిస్తే ఒట్టు.

ఆదివారం మేనకోడలు రానే వచ్చింది. టీ తాగి, వరండాలో సైకిలు హ్యాండిలు మీద చెయ్యి వేసింది. ఆయన షెడ్డులోంచి పానా పట్టుకొచ్చాడు. పిల్ల కొలత చూస్తాడనుకుని ఆవిడ వంటింట్లోకి తిరగబోయింది.

"ఏమోయ్, నువ్వెక్కు," అన్నాడు భార్యతో.

ఎక్కింది. సైకిలు తనే పట్టుకుని, మడమ పెడలు మీద పెట్టి కిందిదాకా తొక్కమన్నాడు. మోకాలు వంగే ఉంది. సీటు లేపాడు. ఇంకాస్త లేపాడు. కాలు తిన్నగా సాగాక బిగించి, నేలవైపు చూశాడు. మునివేళ్ళు తప్ప ఆవిడ పాదం నేలకు ఆనడం లేదు. పానా మళ్ళీ బోల్టు దాకా పోయింది గానీ, ఆయన సీటు దించలేదు.

"మరి నాకన్నావు కదా మామయ్యా?"

"నీకు ఇంకోటి చూస్తాలేమ్మా. మీ అత్తయ్య మోకాలు బాగానే ఉంది. సీటే..." అని గొణిగాడు.

ఆవిడ అప్పటికే గేటు దాకా తొక్కింది. చివరి మాటలు వినిపించాయి. అయినా గేటు పట్టుకుని, మునివేళ్ళ మీద ఆగి వెనక్కి తిరిగింది.

"ఏమన్నారూ?"

ఆయన పానా తుడుచుకుంటూ, వీధిలో పోయేవాళ్ళకు కూడా వినిపించేలా చెప్పాడు.

"తప్పు నాదంటున్నాను."