తెల్లదారం కట్టలు

ముందుగాల మాఫీ అడుగుతున్న. నేను అక్షరాలు నేర్చింది యాభై నాలుగో ఏట. ఒత్తు ఎక్కడ పెట్టాలె, దీర్ఘం ఎక్కడ తియ్యాలె అన్నది ఇప్పటికీ నాకు తికమకే. ఈ నాలుగు కాయితాలకే రెండు నెలలు పట్టింది. తప్పులుంటే మీరే సరిచేసుకొని చదువుకోండి.

మా అక్క కొడుకు పనిచేసే చోట పిల్లలు యూనియన్ పెట్టుకున్నరు. వేరే దేశాల కార్మికులతోని ఎట్ల కలవాలె అని వాళ్లకు ఒకటే ఫికర్. "పెద్దమ్మా, మీ కాలంల రంగూన్ వాళ్లతోని ఎట్ల కలిసిన్రు?" అని అడిగిన్రు. జెండాల సంగతి, జులూసుల సంగతి చెప్తననుకున్నరేమో. అవేం లేవు. జరిగింది రాస్తున్న.

అది నలభై ఒకటో సంవత్సరం, వానాకాలం. అప్పుడు నేను గౌలిపురల ఉండేదాన్ని. నా పెనిమిటి పోయి నాలుగేండ్లు. ఇంట్ల నేనూ, కండ్లు కనిపించని మా అత్తా. పక్కింటి రాహేలక్క అరుగు మీద ఇద్దరం చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేది. ఆకు, తంబాకు, దారం కార్ఖాన సేటు తరఫున ముకద్దం బాలనర్సింహ తెచ్చి ఇచ్చేటోడు. చుట్టిన కట్టలు మళ్లీ ఆయనే తీసుకపోయేటోడు. ఆయన ఆకు బంద్ చేస్తే మా ఇంట్ల పొయ్యి బంద్.

ఆ నెల బాలనర్సింహ ఎన్నడూ లేంది రెట్టింపు ఆకు తెచ్చిండు. ఎప్పుడూ గులాబీ దారం ఇచ్చేటోడు, ఈసారి తెల్లదారం. కట్టకు అంటించే లేబుల్ ఇయ్యలే.

"లేబుల్ ఏదన్నా?" అన్న.

"దొరికిన పనికి దండం పెట్టుకో. లేబుల్ తింటవా?" అన్నడు.

ఆరు వారాలు సంబురంగనే చుట్టినం. కానీ సేటు ఊరికే రెట్టింపు పని ఇచ్చే మనిషి కాదు. ఎక్కడో ఏదో ఉన్నదని నా మనసు పీకుతనే ఉండె.

ఒకనాడు మధ్యాహ్నం అమరనాథ్ వచ్చిండు. ఇరవై రెండేండ్ల పోరడు, కార్ఖానల చుట్టిన బీడీలకు సెగ పెట్టే భట్టి కాడ పని. వాడూ, ఇంకో నలుగురైదుగురు పోరగాండ్లు కలిసి యూనియన్ పెట్టిన్రని చెవుల పడ్డది. అప్పట్ల సర్కారు ఇజాజత్ లేకుంట మీటింగు పెడితే జైలే. అంగీ లోపలికెల్లి ఉత్తరం తీసి చదివిండు. రంగూన్‌ల వాళ్ల మేనమామ ఓడరేవుల మూటలు మోస్తడట, ఆయన రాసిండట.

ఉత్తరంల ఉన్నది ఇది. రంగూన్‌ల బీడీలు చుట్టేటోళ్లు తొమ్మిది వారాల సంది పని బంద్ పెట్టిన్రు. పాడైనవని పక్కకు తీసిన బీడీలకు అక్కడి సేటు కూలి ఇయ్యడు, మళ్లీ వాటినే అమ్ముకుంటడు.

"మన ముకద్దం తమ్ముడు ఆడ గూడ ఉన్నడు!" అని రాహేలక్క నవ్వింది.

అమరనాథ్ నవ్వలే. "విను అక్కా. ఆ సేటుకిప్పుడు వేరే దేశంకెల్లి బీడీలు వస్తున్నయి. లేబుల్ లేదు, తెల్లదారం. వాళ్ల సమ్మెను మన చేతులతోని విరగ్గొడుతున్నరు."

ఉత్తరంల మడిచిన కాయితంకెల్లి ఒక బీడీ తీసి నా చాటల పెట్టిండు. రేవుల పెట్టె పగిలితే అండ్లకెల్లి తీసి పంపిన్రట. నేను దాని మూతి చూసిన. నా కుడి బొటనవేలు గోరు చిన్నప్పుడే కత్తెర పడి పోయింది. అందుకే అందరు ఒక దిక్కు మడిస్తే నేను ఎడమ వేలితోని ఇంకో దిక్కు మడుస్త. అది నా బీడీనే.

నేను అమరనాథ్ ముఖం చూసిన.

"తమ్మీ, భట్టి కాడ పని నీదే గద?"

"అవునక్కా."

"నా బీడీలు రోజూ నీ చేతుల మీదికెల్లే పోతయి గద. ఒకటి జేబుల ఏసుకోనికె ఎంతసేపు?"

వాని ముఖం ఎర్రగయ్యింది. "నేను అబద్ధం చెప్తున్ననా?"

"నాకేం తెలుసు? నిన్ను సేటే పంపిండేమో, ఎవరు నీ మాటకు ఊగుతరో చూడనికె."

రాహేలక్క బైబిలు చదువుతది. ఉత్తరం గుంజుకొని ఆమెకిచ్చిన, తాను చదివినా అదే ఉన్నది. అయినా రాసింది మేనమామనో, వీడే కూసోని రాసిండో ఎవరికి ఎరుక? గంతల వాడు ఇంకో కాయితం తీసిండు. రంగూన్ వాళ్లకు తోడుగ ఉన్నమని దాని మీద వేలిముద్రలు ఏయాల్నట.

"మా బాపు ఒక్కసారి వేలు పెట్టిండు, ఇల్లు పోయింది. నువ్వు ముందుగాల కాయితం లోపల పెట్టు," అని రాహేలక్క చాట పట్టుకొని లేచింది.

వాడు పోయిండు. వాడు చెప్పింది నిజమైతే, ఎక్కడనో నాలాంటి ఆడిదాని కడుపు నా చేతులతోనే కొడుతున్న. అబద్ధమైతే, వాని మాట నమ్మి ఆకు పోగొట్టుకుంట. ముకద్దాన్ని సీదా అడుగుదామంటే పోరడు జైలుకు పోతడు.

రెండు దినాలకు బాలనర్సింహ ఆకు తెచ్చిండు. ఆకును తడిపి, మెత్తబడినంక చుడతం. వారంల అమ్ముడుపోయే బీడీకి ఆ తడితోని ఫరక్ లేదు. పెట్టెల చాన్నాళ్లు ఉండేదైతే జర తడి మిగిలినా బూజు పడుతది. ఎంత దూరం పోతదో తెల్వకుంట ఎంత తడి పెట్టాల్నో ఏ ముకద్దం చెప్పలేడు.

"అన్నా, ఈ ముసురుకు ఆకు ఆరుతలేదు. తడి మీదనే చుట్టాల్నా?" అని అడిగిన.

"గులాబీ దారంవి ఎట్లన్న చుట్టు. తెల్లదారంవి మాత్రం మంచిగ ఆరనియ్యి. పోయినసారి ఓడ దిగేసరికి సగం పెట్టె బూజువట్టిందట, సేటు నా మీద లొల్లి లొల్లి చేసిండు."

నేను తలకాయ ఊపిన. మూసీ మీద ఓడలు నడువయని నాకు తెలుసు.

అమరనాథ్‌ను పిలిపించినం. సమ్మె చేద్దామని ఎగిరిండు. "సమ్మె అంటే రేపే పోలీసులొస్తరు. లేబుల్ అడుగుదాం," అన్న. లేబుల్ ఉంటే రంగూన్ రేవుల మూట దించేటోనికి అది ఎవరి సరుకో తెలుస్తది. సేటుకు దాచిపెట్టనికె రాదు. లేబుల్ అడుగుడు ఏ కాయిదా కానూన్ల తప్పు? మా బస్తీల బీడీలు చుట్టే ఏడు అరుగుల ఆడోళ్లకు రాహేలక్కా నేనూ చెప్పినం. ఎవ్వరం వేలిముద్ర ఏయలే.

బాలనర్సింహ వచ్చిండు.

"లేబుల్ ఇయ్యన్నా, చుడతం," అన్న.

"మళ్ల లేబులేంది?"

"రేపు బూజువట్టినయని మా మీద పడితే, అవి మనయేనని ఎట్ల గుర్తువడుతం?"

ఆయన మా ఇద్దరి దిక్కు మార్చి మార్చి చూసిండు. "ఇది నీ తెలివి కాదు సక్కుబాయీ. ఎవడో ఎక్కించిండు. రంగూన్ సంగతి మీకెవడు చెప్పిండు?"

"రంగూనా? నువ్వే చెప్పినవ్ గదన్నా, ఇప్పుడే."

రాహేలక్క కొంగు నోట్ల కుక్కుకున్నది. బాలనర్సింహ ముఖం తెల్లవడ్డది. సేటు కాడికి పోయి మా పేర్లు చెప్తే, మాట ఎట్ల బయటికొచ్చిందని సేటు ఆయననే అడుగుతడు. అందుకే సంగతి పోలీసుల దాకా పోలే. ఆకు మాత్రం ఎత్తుకపోయిండు.

ఇరవై ఆరు దినాలు ఆకు లేదు. పాలమ్మే గౌలీల ఇండ్లల్ల పిడకలు కొట్టిన. మా అత్త రోజూ, "కత్తెర సప్పుడు ఇనవడతలేదేందే?" అని అడిగేది. కడుపు కాలినకొద్ది అనుమానం పెరిగింది. ఏడు అరుగులల్ల ఎవరన్నా చాటుగ చుడుతున్నరేమోనని, మాట్లాడినట్టే చేతులు పట్టుకొని వేళ్ల వాసన చూసేదాన్ని. ఒకనాడు రాహేలక్క నా చెయ్యి పట్టుకొని వాసన చూసింది.

గంతల తెల్లదారం మలక్‌పేటకు పోయిందని తెలిసింది. అమరనాథ్‌ను ఎంట తీసుకొని పోయిన. అక్కడ చుట్టేటోళ్లల్ల పుష్పమ్మ పెద్ద. ఆమె మమ్మల్ని గడప దాటనియ్యలే.

"నిన్నెవరు పంపిన్రు? మా ఆకు గుంజుకోనికె వచ్చినవా?" అన్నది.

అమరనాథ్ ఉత్తరం తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టిన. "నన్ను నమ్మకు అక్కా. వీన్ని అసలే నమ్మకు. మీ ముకద్దాన్ని ఆకు ఎంత తడి పెట్టాల్నో అడుగు. ఆయన ఏం చెప్తడో విని, అప్పుడు నీ ఇష్టం."

ఆమె తలుపేసుకున్నది. తొవ్వల అమరనాథ్ కోపం చేసిండు. "గంత దూరం నడిచొచ్చి ఉత్తరమన్నా చదవనియ్యవా?"

"ఆనాడు నువ్వు చదివితే నేను నమ్మిన్నా?" అన్న.

తొమ్మిదో దినం పుష్పమ్మ గౌలిపురకొచ్చింది. ఎంట తన మరిదిని తెచ్చుకున్నది.

"చదివేటోన్ని నేనే తెచ్చుకున్న. ఉత్తరం ఇయ్యి," అన్నది.

అమరనాథ్ కాడికెల్లి తెప్పించి ఇచ్చిన. మరిది చదువుతుంటే ఆమె ఉత్తరం దిక్కు చూడలే, నా దిక్కే చూసింది. అయిపోయినంక లేచి, "మా ముకద్దం బొగ్గుల మీద ఆరబెట్టుమన్నడు," అన్నది. ఆ వారమే మలక్‌పేటల లేబుల్ అడిగిన్రు.

దసరా ముందట మాకు మళ్లీ ఆకొచ్చింది. పాతంతనే, గులాబీ దారం, లేబుళ్లు. నెలన్నర రెట్టింపు ఆకు చూసిన చేతులకు అది తక్కువే అనిపించింది, అబద్ధమెందుకు. రంగూన్ సమ్మె ముగిసిందని, పక్కకు తీసిన బీడీలకు సగం కూలి ఒప్పుకున్నరని మేనమామ రాసిండు. పదకొండు మందిని మాత్రం తిరిగి పనిల పెట్టుకోలేదట, అండ్ల ఏడుగురు ఆడోళ్లట. వాళ్ల పేర్లు రాసి పంపుమని మేం ఉత్తరం ఏయించినం. డిసెంబరుల రంగూన్ మీద బాంబులు పడ్డయి. పేర్లు రాలే.

సక్కుబాయి, అరవై రెండేండ్లు, ఇప్పుడు ఉంటున్నది కంచన్‌బాగ్‌ల, మా అక్క కొడుకు ఇంట్ల.