సొరంగాన్ని విన్న డోలు

నేను ఒక డోలును. పెళ్ళిపందిట్లో మోగే డోలును కాను, దేవుడి ఊరేగింపుకు ముందు నడిచే డోలును అంతకన్నా కాను. మనుషుల్ని వరసగా నిలబెట్టి చావు దగ్గరికి నడిపించడానికి తయారైన యుద్ధపు డోలును. రోలు వచ్చి మద్దెలతో మొరపెట్టుకుందని మీలో ఒక సామెత ఉందట. ఆ మద్దెలకు నేను దూరపు చుట్టాన్నే. నన్ను కొట్టేది పైముఖం మీదే అయినా కింది ముఖం కూడా అదురుతుంది. దెబ్బ ఒకటి, బాధ రెండు చోట్ల. అయినా ఎవరి దగ్గరా మొరపెట్టుకోలేదు. ఆ రోజుల్లో నా గర్వం అలాంటిది.

డాన్యూబ్ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో గ్రెగోర్ అనే వడ్రంగి నన్ను చేశాడు. అక్రోటు చెక్కను ఆవిరిలో వంచి నాకు ఒళ్ళు చేశాడు, దూడ చర్మం నానబెట్టి రెండు ముఖాలు బిగించాడు. తాళ్ళు లాగేటప్పుడు అతను తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు. పదకొండో రోజున వేలితో ఒక్కటి కొట్టి చూసి, తృప్తిగా తలూపి, వియన్నా పటాలానికి పంపేశాడు.

అక్కడ కాస్పర్ అనేవాడు ఆరేళ్ళు నన్ను వాయించాడు. నా మోత వినగానే వెయ్యిమంది ఒకేసారి అడుగు ముందుకు వేసేవాళ్ళు. కాస్పర్ మాత్రం వాళ్ళకి అయిదడుగులు వెనకే ఉండేవాడు. ధైర్యం ఊళ్ళో వాళ్ళందరికీ పంచి తనకి మిగుల్చుకోని మహాదాత. నేను మాత్రం ఆ సైన్యాన్ని నడిపించేది నేనే అనుకునేదాన్ని.

1683 వేసవిలో టర్కీ సుల్తాను సైన్యం వియన్నా మీదికి వచ్చింది. గోడ మీద నిలబడి చూస్తే కనుచూపు మేరా గుడారాలేనట. వాళ్ళు రాకముందే చక్రవర్తిగారు సకుటుంబ సపరివారంగా బళ్ళు కట్టించుకుని ఊరు దాటేశారు. పెద్దవాళ్ళు వెళితే దాన్ని రాజకార్యం అంటారు. అదే సాయంత్రం మా కాస్పర్‌కి కడుపునొప్పి వచ్చి, నన్ను కోట మెట్ల మీద దించి సందులోకి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. దాన్ని మాత్రం పారిపోవడం అన్నారు.

ఆ కోట గోడలు ఫిరంగులకు లొంగే రకం కావు. అందుకని టర్కీ వాళ్ళు పైనుంచి కాక కిందినుంచి వచ్చారు. సొరంగాలు తవ్వి, సరిగ్గా బురుజు కిందికి చేరి, మందుగుండు పీపాలు పేర్చి అంటించేవాళ్ళు. బురుజూ దాని మీద నిలబడిన మనుషులూ కలిసి గాల్లోకి లేచేవాళ్ళు. మనవాళ్ళు కూడా లోపలినుంచి ఎదురు సొరంగాలు తవ్వి, శత్రువు ఎక్కడున్నాడో తెలిస్తే ముందుగా వాళ్ళ సొరంగాన్నే కూల్చేవాళ్ళు. అయితే తెలిసేదెలా? గోడ దగ్గరున్న ప్రతి ఇంటి నేలమాళిగలోనూ నేలమీద ఒక డోలు పెట్టి, దాని చర్మం మీద గుప్పెడు ఎండు బఠాణీలు పోశారు. కింద ఎవరైనా తవ్వితే చర్మం అదురుతుంది, బఠాణీలు గెంతుతాయి. పక్కన కూర్చున్న మనిషి అది చూసి చెప్పాలి. డోలును మాత్రం ఎవరూ కొట్టకూడదు. వాళ్ళ చప్పుడు మనకు వినబడితే మన చప్పుడు వాళ్ళకీ వినబడుతుంది కదా.

అలా నన్ను ఒక సారాయి కొట్టు కింది నేలమాళిగలోకి దించారు. వెయ్యిమందిని నడిపించిన గొంతు నాది. నన్ను పట్టుకుని నోరు మూసుకుని కూర్చోమన్నారు, పైగా నెత్తిన బఠాణీలు. సిగ్గుతో నా తాళ్ళు వదులైపోయాయంటే నమ్మండి.

నా పక్కన కూర్చున్నది రోజీనా. టైరోల్ కొండల్లో వెండిగని పనివాడి కూతురు, గని పనివాడి పెళ్ళాం. పుట్టినప్పటి నుంచీ నేలకింది చప్పుళ్ళు వింటూ పెరిగిన మనిషి కాబట్టి ఆమెనే ఏరి కూర్చోబెట్టారు. ఆమె మొగుడు ఓస్వాల్డ్ మా ఎదురు సొరంగం తవ్వేవాడు. ఆ సొరంగం మొదలయ్యేది మా నేలమాళిగ గోడలోంచే, నాకు నాలుగడుగుల దూరంలో.

ఊళ్ళో తిండి తరిగిపోయింది. పిల్లుల్ని పట్టి చర్మం ఒలిచి 'పైకప్పు కుందేళ్ళు' అని ముద్దుపేరు పెట్టుకుని తినేవాళ్ళు. ఆకలికి కూడా మర్యాద కావాలి మరి. రోజీనా రోజూ పొద్దున్నే నా మీది బఠాణీలు లెక్కపెట్టేది. పంతొమ్మిది ఉండేవి. ఒకరోజు పద్దెనిమిదే ఉన్నాయి. కాపలా సిపాయి దవడ మెల్లగా కదులుతోంది. రోజీనా అతని వైపు చూసి, మిగిలినవాటిని మళ్ళీ లెక్కపెట్టింది.

మధ్యాహ్నం ఓస్వాల్డ్ మట్టికొట్టుకుని బయటికొచ్చి, రొట్టెముక్క నములుతూ నా పక్కన చతికిలబడేవాడు.

"ఏమంటోంది నీ డోలు?"

"నువ్వు ఎడంవైపుకి పోతున్నావంటోంది. సరిచేసుకో."

"నేనేనని ఎలా తెలుసు? టర్కీవాడు కావచ్చుగా."

"మూడు గెంతి ఆగుతున్నాయి. మన కొండవాళ్ళు కాక ఇంకెవరు తవ్వుతారు అలా?"

మూడు దెబ్బలు, ఒక ఊపిరి. వాళ్ళ కొండల్లో పని పద్ధతి అది. ఇద్దరు పక్కపక్కన తవ్వేటప్పుడు ఒకడు మూడు కొట్టి ఊపిరి తీసుకుంటాడు, ఆ ఊపిరిలో రెండోవాడు మూడు కొడతాడు. పలుగులు తగులుకోవు, పని ఆగదు. ఒంటరిగా ఉంటే ఆ ఊపిరి చిన్నదవుతుంది గానీ అలవాటు పోదు. ఆ మూడు దెబ్బలూ తగిలినప్పుడల్లా రోజీనా ముఖం కుదుటపడేది. నేను మూగదాన్నయ్యానని ఏడుస్తుంటే, ఆమె నా మీద మొగుడి ప్రాణం చూసుకునేది. ఆ సంగతి అర్థమయ్యాక నా ఏడుపు కొంత తగ్గింది.

సెప్టెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం భూమి కింద పెద్ద పేలుడు జరిగింది. బఠాణీలు నేలంతా చెదిరిపోయాయి. టర్కీ వాళ్ళు అంటించిన మందు వాళ్ళ సొరంగాన్నీ మా సొరంగాన్నీ కూడా కూల్చేసింది. మనవాళ్ళు ఇద్దరు దుమ్ములోంచి పాక్కుంటూ బయటపడ్డారు. అందరికన్నా లోపల, చివర తవ్వుతున్న ఓస్వాల్డ్ రాలేదు. సొరంగాల పని చూసే కెప్టెన్ హాకల్ కుంటుకుంటూ వచ్చి, కూలిన మట్టిని చూసి, టోపీ తీసి ఒక ప్రార్థన చెప్పి వెళ్ళిపోయాడు. రోజీనా ఆ ప్రార్థనలో కలవలేదు. నేలంతా వెతికి బఠాణీలు ఏరి మళ్ళీ నా మీద పోసి కూర్చుంది.

మర్నాడు పొద్దెక్కాక అవి కదిలాయి. మూడుసార్లు గెంతాయి. కొంతసేపు ఏమీ లేదు. మళ్ళీ మూడు.

రోజీనా సిపాయిని పరిగెత్తించింది. కెప్టెన్ వచ్చాడు. చెడ్డవాడు కాదతను. కాలికి గాయం, పైగా విరేచనాలు, వారం రోజులుగా నిద్ర లేదు. వంగి బఠాణీల్ని చూశాడు.

"ఇంత దగ్గరికి వచ్చేశారా," అన్నాడు.

"వచ్చింది వాళ్ళు కాదు కెప్టెన్ గారూ. మా ఆయన. లోపల చిక్కుకుని బయటికి తవ్వుకుంటున్నాడు."

"అమ్మా, నిన్న అంత మట్టి కూలింది."

"ఆ మూడు దెబ్బలు చూడండి. మా ఆయనే."

"ఊపిరి కన్నా ఎక్కువసేపు ఆగుతున్నాడే?"

"అలసిపోయాడండీ. నిన్నటి నుంచి తిండి లేదు."

కెప్టెన్ సొరంగం మూతి వైపు చూశాడు. సొరంగం మొదట్లోనే నాలుగు పీపాల మందు సిద్ధంగా ఉంది, వత్తి కూడా పెట్టి ఉంది. లోపల ఉన్నది శత్రువైతే సాయంత్రానికి మా నెత్తిమీది బురుజు, దానిమీది రెండు వందలమంది ఉండరు. లోపల ఉన్నది ఓస్వాల్డ్ అయితే, ఆ వత్తి అంటించడం మనవాణ్ణి మనమే చంపుకోవడం.

"నీ మాట తప్పయితే?" అన్నాడు.

రోజీనా కళ్ళు బఠాణీల మీదే ఉన్నాయి. ఇన్నేళ్ళకి ఒప్పుకుంటున్నాను, ఆ దెబ్బలు ఎవరివో నాకు తెలియలేదు. తవ్వేవాడు ఏ దేవుణ్ణి తలుచుకుని తవ్వుతున్నాడో చర్మానికి తెలిసే దారి లేదు. కెప్టెన్ సిపాయి వైపు తిరిగి నిప్పు తెమ్మన్నాడు.

అప్పుడు రోజీనా చేయకూడని పని చేసింది. బఠాణీల్ని ఒక్క చేత్తో తోసేసి, పిడికిలితో నన్ను గట్టిగా మూడుసార్లు కొట్టింది. ఎనిమిది వారాల తర్వాత నా గొంతు నేనే విని అదిరిపోయాను. సిపాయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కింద చప్పుడు ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో చెప్పలేను.

తర్వాత కిందనుంచి మూడు దెబ్బలు వచ్చాయి.

"మూడు అంకెలు లెక్కపెట్టడం టర్కీవాడికీ వచ్చు," అన్నాడు కెప్టెన్, అయినా గొంతు తగ్గింది.

"శత్రువైతే తన ఉనికి తెలిసిపోయిందని నోరు మూసుకుంటాడు. జవాబు ఎందుకిస్తాడండీ? బయటికి రావాలనుకున్నవాడే జవాబిస్తాడు."

కెప్టెన్ నుదురు తుడుచుకున్నాడు. నిప్పు వెనక్కి పంపాడు. నిన్న బయటపడ్డ ఇద్దరినీ పిలిపించి తవ్వమన్నాడు. తను మాత్రం పిస్తోలు చేతిలో పట్టుకుని సొరంగం మూతి దగ్గర పీపా మీద కూర్చున్నాడు. వాళ్ళు ఇటునుంచి తవ్వుతుంటే అటునుంచి ఆ మూడు దెబ్బలు నీరసంగా వస్తూనే ఉన్నాయి. నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటలూ రోజీనా అరచెయ్యి నా మీదే ఉంది. చెమటకి నా చర్మం తడిసింది.

చివరికి మట్టి జారి ఒక రంధ్రం పడింది. అందులోంచి ముందు ఒక పలుగు వచ్చింది. పిడికి నీలం గుడ్డ చుట్టి ఉంది. అది రోజీనా పాత లంగాలోంచి చింపిన పేలిక. ఆమె "ఓస్వాల్డ్" అంటూ ఆ చేతిని పట్టుకుని లాగింది.

బయటికొచ్చింది ఓస్వాల్డ్ కాదు. గొరిగిన తల, మట్టి కరుచుకున్న మీసం, పెదాలు పగిలి నెత్తురోడుతున్న ఎవరో మనిషి. కెప్టెన్ పిస్తోలు ఎత్తాడు.

రోజీనా మధ్యలోకి వచ్చి నిలబడింది. జాలిపడి కాదు. అప్పటి ఆమె ముఖం నేను చూశాను, అందులో జాలి లేదు.

"కాల్చకండి. ఇతన్ని నేను అడగాలి."

ఆ మనిషి మొహమ్మీద పలుగు ఆడించి, "ఇది ఎక్కడిది? వాడేడీ? నువ్వు చంపావా?" అని అడిగింది. అతనికి మా భాష రాదు. బోస్నియా కొండల్లో వెండిగని పనివాడట, పేరు రాడే అట, సుల్తాను మనుషులు మెడ మీద కత్తి పెట్టి సొరంగంలోకి తోలారట. మూడు దెబ్బలూ ఒక ఊపిరీ వాళ్ళ గనుల్లోనూ ఉందట, ఎప్పుడో వందల ఏళ్ళ కిందట ఇటువాళ్ళే అక్కడికెళ్ళి నేర్పారట. ఇదంతా తర్వాత ఒక క్రొయేషియా సిపాయి వచ్చి అనువదిస్తే తెలిసిన సంగతి. అప్పటికి మాత్రం ఆమె అరుస్తోంది, అతను తల అడ్డంగా ఊపుతున్నాడు, కెప్టెన్ వేలు పిస్తోలు మీదే ఉంది.

అతని చూపు నా మీద పడింది. మోకాళ్ళ మీద నా దగ్గరికి పాకి వచ్చాడు. కుడిచేత్తో నన్ను మూడుసార్లు కొట్టి తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత ఎడంచేత్తో మూడుసార్లు కొట్టి, ఆ పలుగు మీది నీలం గుడ్డను ముట్టుకున్నాడు.

ఇక వాయించాడు. కుడిచెయ్యి మూడు, ఎడంచెయ్యి మూడు. కుడి మూడు, ఎడమ మూడు. ఒకరి ఊపిరిలో ఇంకొకరి దెబ్బ. అలా చాలాసేపు. పేలుడుకు ఒకేచోట చిక్కుకున్న ఇద్దరు మనుషులు చీకట్లో పక్కపక్కన ఒకే మట్టిని తవ్వుతున్నారు. తర్వాత ఎడంచెయ్యి రెండే కొట్టింది. కుడి మూడు కొట్టి ఆగి, ఎడమ కోసం చూసింది. ఎడమ ఒకటి కొట్టింది. తర్వాత ఒళ్ళో వాలిపోయింది. కుడిచెయ్యి మూడు కొట్టి ఆగింది. ఎడమ లేవలేదు. అది కొట్టాల్సినంతసేపూ ఆగి, కుడిచెయ్యి మళ్ళీ మూడు కొట్టింది.

దూరంగా ఉన్నంతసేపూ నాకు అందలేదు, దగ్గరికొచ్చాక పొద్దుటి నుంచీ మేము విన్నది అదే. ఆ ఖాళీ అలసట కాదు. ఓస్వాల్డ్ వంతు వచ్చినప్పుడల్లా అతను ఆగుతున్నాడు.

కెప్టెన్ పిస్తోలు దించాడు. రోజీనా నేలమీద కూలబడి ఏడ్చింది. నిన్న మధ్యాహ్నం నుంచీ పట్టుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, అతని ఎడంచెయ్యి తీసి నా మీద పెట్టింది.

"మళ్ళీ," అంది.

భాష రాకపోయినా అతనికి అర్థమైంది. మళ్ళీ మొదటినుంచి వాయించాడు. ఆ చెయ్యి వాలిపోయే చోట రోజీనా కళ్ళు మూసుకుంది. అయిపోయాక ఇంకోసారి వాయించమంది. కాపలా సిపాయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

సాయంత్రానికి ఓస్వాల్డ్‌ను బయటికి తెచ్చారు. పక్కటెముకలు విరిగి ఉన్నాయి. ముఖం మీద మట్టి పడకుండా ఎవరిదో తలపాగా గుడ్డ కప్పి ఉంది. కెప్టెన్ రాడేని ఖైదీల్లో కలిపాడు, చంపలేదు. ఆ తర్వాత అతనేమయ్యాడో నాకు తెలియదు. వారానికల్లా పోలండు రాజు సైన్యంతో వచ్చి ముట్టడి విడిపించాడు. ఊరంతా గంటలు మోగించారు, నన్ను కూడా బయటికి తీసి దుమ్ము దులిపి ఊరేగింపులో వాయించారు. రోజీనా తన కొండలకు వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను మ్యూజియంలో గాజు పెట్టెలో ఉన్నాను. నా మోతకు శత్రువులు గడగడలాడారని పక్కన బోర్డు రాసిపెట్టారు. నా మోతకు ఎవరూ వణకలేదు, నేలకింది మోతకు నేనే వణికాను. బోర్డు రాసినాయన పాపం కష్టపడి రాసి ఉంటాడు, పోనీలెండి.

ఆ ముట్టడి తర్వాత కూడా నన్ను చాలామంది వాయించారు. యుద్ధాలకు వాయించారు, దొరల పుట్టినరోజులకు వాయించారు. చెవులు మూసుకుని ఇక ఆపమన్నవాళ్ళు లెక్కలేనంతమంది. మళ్ళీ వాయించమని అడిగింది రోజీనా ఒక్కతే.