పైవాడి కుర్చీ

సైటులో అందరూ అతన్ని పైవాడనే పిలిచేవారు. టవర్ క్రేన్ నడిపేవాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. క్రేన్ దిగి ఏడాది దాటినా పేరు పోలేదు. ఇప్పుడతను కింద నిలబడి, తన బదులు పైన క్రేన్ నడుపుతున్న బామ్మర్దికి లోడు ఎటు తిప్పాలో చేతులతోనూ వాకీటాకీలోనూ చెబుతున్నాడు.

"పైవాడే కిందికొచ్చేస్తే ఇక మనల్ని చూసేదెవడ్రా?" అని ఇనుము కట్టేవాళ్ళు నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. నవ్వయ్యాక తలెత్తి కేబిన్ వైపు చూసేవాడు.

అతన్ని దింపింది బెల్టు. నిచ్చెన ఎక్కేవాళ్ళు కట్టుకునే సేఫ్టీ బెల్టు మీద చిన్న గుడ్డముక్క కుట్టి ఉంటుంది. మనిషీ పనిముట్లూ కలిపి నూట నలభై కిలోలు దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. దాటితే, జారినప్పుడు తాడు ఆపుతుందన్న హామీ లేదు.

అంత బరువు కేబిన్‌లోనే వచ్చింది. నిచ్చెన ఎక్కడానికి అరగంట పట్టేది. అందుకని మధ్యాహ్నం దిగడం మానేశాడు. భోజనం డబ్బాను హుక్కుకు కట్టి పైకి పంపేవారు. పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా ఆ కుర్చీలోనే. లోడుకీ లోడుకీ మధ్య ఖాళీ దొరికితే బిస్కెట్లు, కూల్‌డ్రింకులు. అవీ హుక్కు మీదే వచ్చేవి.

"పొద్దస్తమానం బరువులెత్తుతున్నాను, ఆ మాత్రం తినొద్దా?" అనేవాడు ఇంట్లో.

"ఎత్తేది మోటారండీ. మీరు మీట నొక్కుతారు," అనేది భార్య.

సైటులో అందరి బరువూ చూస్తామన్నప్పుడు అతను నాలుగు కిలోలు ఎక్కువున్నాడు. రెండు రోజులు తిండి మానేశాడు, నీళ్ళు కూడా మానేశాడు. గట్టెక్కాడు. మర్నాడు నిచ్చెన సగంలో కళ్ళు తిరిగి బెల్టుకు వేలాడాడు. ఇద్దరు ఎక్కి దింపారు. తర్వాత ఇంట్లో కూర్చున్న నెలల్లో ఆ నాలుగు కిలోలూ తిరిగొచ్చాయి, వస్తూ వస్తూ మరో పదింటిని వెంటబెట్టుకొచ్చాయి.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసింది. బీపీ ఉంది, షుగర్ ఉంది, మోకాళ్ళు అరుగుతున్నాయి. నిద్ర ఎలా పడుతుందని అడిగింది.

"గురక పెడతారండీ," అంది భార్య. "మధ్యలో ఆగుతుంది. హమ్మయ్య అనుకుని అప్పుడే నేను కాస్త కన్ను మూస్తాను."

"ఆగేది గురక కాదమ్మా, ఊపిరి."

భార్య చేతిసంచి ఒళ్ళోకి లాక్కుంది.

"నేను మళ్ళీ ఎక్కాలి డాక్టర్ గారూ," అన్నాడు అతను.

"అక్కడ ఏముంది?"

"నది కనిపిస్తుందండీ. పైనుంటే నన్నెవరూ చూడరు. నేనే అందర్నీ చూస్తాను."

ఆమె నవ్వలేదు. "రెండు రోజుల్లో దించిన బరువు నిలవదు. అది మీ చేతగానితనం కాదు. తగ్గిన ఒళ్ళు పాత బరువు కోసం వెతుక్కుంటుంది. ఆకలి పెంచుతుంది, శక్తి ఖర్చు తగ్గిస్తుంది. దానికి తెలియకుండా దిగాలి. పదో వంతు తగ్గినా షుగరూ బీపీ దారికొస్తాయి. కానీ జీవితాంతం చేయగలిగిందే మొదలుపెట్టండి."

కూల్‌డ్రింకులు మొదట మానేశాడు. మధ్యాహ్నం నలుగురితో కూర్చుని తినడం అలవాటు చేసుకున్నాడు, ముందు కూరగాయలూ గుడ్లూ, తర్వాతే మిగతావి. ఊపిరి ఆగకుండా రాత్రి ముఖానికి గాలి పంపే మెషిన్ పెట్టుకుని పడుకున్నాడు. సాయంత్రం బస్సు రెండు స్టాపుల ముందే దిగి నడిచాడు. మొదట్లో బరువు బాగానే తగ్గింది. తర్వాత రెండు నెలలు ముల్లు కదల్లేదు. ఒకరోజు విసుగెత్తి బేకరీ ముందు నిలబడి పొట్లాం ఖాళీ చేశాడు. మర్నాడు డాక్టరమ్మకు చెప్పాడు. ఆమె తిట్టలేదు, షుగర్ మందు మార్చింది. ముల్లు మళ్ళీ కదిలింది.

అప్పటికి భవనం పైకప్పు వేయడం పూర్తయింది. వారంలో క్రేన్ విప్పేస్తారని తెలిసింది. కొత్త సైటు ఊరికి రెండో వైపు. అక్కణ్ణుంచి నది కనిపించదు.

అతను సేఫ్టీ ఆఫీసర్‌ని అడిగాడు. "చివరిరోజు పొద్దున తూగండి. నూట నలభై లోపు వస్తే ఒకసారి ఎక్కి రండి," అన్నాడాయన.

ఇంకా రెండు కిలోలు ఎక్కువ. ఆ సంగతి బామ్మర్దికి తెలుసు.

"రెండు కిలోలేగా బావా. రెండ్రోజులు నోరు కట్టుకో. అక్కకి నేను చెప్పన్లే."

"మళ్ళీ వేలాడమంటావా?"

"ఈసారి నేను వెనకే ఎక్కుతాగా."

"నేను పడితే నీ మీదే పడతానురా, మీ అక్కకి ఇద్దరం మిగలం."

అలా అన్నాడే గానీ ఆలోచన పోలేదు. ఆఖరి రోజుకు ముందు మధ్యాహ్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చుట్టూ అందరూ తినేసి లేచారు. అప్పుడు మూత తీసి తిన్నాడు.

పొద్దున బెల్టు పట్టుకుని, పనిముట్లు తగిలించుకుని తూగాడు. కిలోన్నర ఎక్కువ వచ్చింది. ఆఫీసర్ ముల్లు వైపు, అతని వైపు చూసి ఏదో అనబోయాడు. పైవాడు అప్పటికే బెల్టును తిరిగి గోడ కొక్కేనికి తగిలించేశాడు.

ఆఖరి లోడు పదకొండింటికి దిగింది. అతను వాకీటాకీ నొక్కాడు.

"ఒరేయ్, నది కనిపిస్తోందా?"

"ఏ నది బావా?"

"కుడివైపు. నీళ్ళ ట్యాంకు దాటాక చూడు."

కాసేపు గరగర శబ్దం. "అబ్బో! ఇన్నాళ్ళూ ఇక్కడే ఉందా ఇది?"

"పడవలున్నాయా?"

"ఒకటుంది. ఇసుక పడవ."

"ఎటు పోతోంది?"

"వంపు తిరుగుతోంది... పోయింది."

"పూర్తిగా?"

"నీళ్ళలో గీత మిగిలింది బావా. అదీ పోతోంది."

పైనుంచి మళ్ళీ గొంతు వినిపించింది. "ఇంకొకటి దింపుతున్నా. సిగ్నలివ్వు."

హుక్కుకు కేబిన్ కుర్చీ మెత్త కట్టి ఉంది. అతను చెయ్యెత్తి, వేళ్ళు కిందికి తిప్పుతూ, గాజు పలకల లోడంత జాగ్రత్తగా దింపించాడు. మెత్త నడుమ గుంటలో పాత చొక్కా కుక్కి ఉంది.

"నీ గుంటలో మునిగిపోతుంటే అది పెట్టుకున్నా," అన్నాడు బామ్మర్ది. "కొత్త క్రేన్‌కి పనికొస్తుంది, దాచుకో."

"వద్దు. అక్కడ వేరేది అడుగుతాను."

"మరి అక్కడా డబ్బా పైకి పంపాలా?"

"దిగి తింటాను."

మెత్త చంకలో పెట్టుకుని కుడివైపు, నది ఉన్న వైపు తిరిగాడు. అక్కడ గోడ ఉంది. కాసేపు అటే చూశాడు.