వాపసిచ్చిన పళ్ళు

లక్ష్మీనర్సమ్మకు బేరంలో ఓడిపోవడం తెలియదు. నాచారం గల్లీల్లో ఇన్‌స్టాల్‌మెంటు మీద గిన్నెలూ మిక్సీలూ అమ్మే మనిషి ఆమెను చూస్తే సైకిలు వెనక్కి తిప్పుకునేవాడు. వస్తువు నచ్చకపోతే ఆమె వాయిదాలు ఆపేసి దాన్ని అతని చేతిలో పెట్టేసేది. అతను నాలుగు తిట్లు తిట్టి వాయిదాల కార్డు చింపేసేవాడు. లెక్క అంతటితో సరి. ముప్పై ఏళ్ళుగా ఆమె ఎరిగిన ధర్మం అదే, పాపం.

రెండువేల పదిలో ఆమెకు పళ్ళన్నీ ఊడిపోతే కొడుకు బాలరాజు ఉప్పల్‌లో పళ్ళ డాక్టరు దగ్గర సెట్టు కట్టించాడు. ఫ్యాక్టరీ జీతం కాగితం చూపించి సంతకం పెడితే, ఫైనాన్స్ కంపెనీ డాక్టరుకు మొత్తం ఒకేసారి కట్టేసింది. దాన్ని బాలరాజు దగ్గర ఏడాది పాటు నెలనెలా వసూలు చేసుకోవాలి.

సెట్టు చిగుళ్ళను కోసేసింది. రెండుసార్లు అరగదీయించినా ముద్ద దిగలేదు. నాలుగో వాయిదా కట్టిన వారానికి ఆమె బస్సెక్కి ఉప్పల్ వెళ్ళి, సెట్టు తీసి డాక్టరు బల్ల మీద పెట్టింది.

"నీ పండ్లు నువ్వే వెట్టుకో సారూ. మాకద్దు."

మరుసటి నెల ఇంటికి వసూలుకొచ్చిన మనిషికీ అదే చెప్పింది.

"పండ్లు వాపసిచ్చినం. పోయి డాక్టర్నడుగు."

"డాక్టర్‌తోని మాకేం పని లేదమ్మా. అప్పు మీ కొడుకు పేరు మీదున్నది. కట్టకుంటే ఆయన పేరే ఖరాబైతది."

"నా కొడుకు పేరు ఖరాబు జేసేటోడు ఇంకా పుట్టలే, పో!"

అతను మరి రెండుసార్లు వచ్చి మానేశాడు. తర్వాత ఇంగ్లీషులో ఉత్తరాలు వచ్చాయి. ఆమె చించి పారేసింది. వసూలు మనిషి అన్న మాట కొడుక్కి చెప్పనే లేదు. "లెక్క తెగిపోయింది బిడ్డా" అంది, అంతే. అమ్మ తెగిందంటే తెగినట్టేనని వాడూ నమ్మాడు.

రెండేళ్ళకు ఫ్యాక్టరీ మూతపడింది. చేతికొచ్చిన కాస్త సొమ్ము ముందు కట్టి, బ్యాంకు అప్పుతో ట్రాలీ ఆటో కొనాలని బాలరాజు ఆశపడ్డాడు. చర్లపల్లి నుంచి లాలాపేట్ దాకా సామాన్లు తోలుకుంటే ఇక ఒకరి కింద బతకనక్కర్లేదు. షోరూముకి వెళ్ళి రంగు కూడా చూసుకొచ్చాడు.

బ్యాంకు మేనేజరు రామ్మోహనరావు కాగితం ముందుకు తోశాడు. "చూడు బాబూ, పళ్ళ కోసం తీసుకున్న అప్పు కట్టలేదని నీ సిబిల్ రిపోర్టులో ఉంది. నేను లోను ఇవ్వలేను. ఏ బ్యాంకుకెళ్ళినా ఇదే చూస్తారు."

"ఆ పండ్లు ఎన్నడో వాపసిచ్చినం సార్."

"పళ్ళు డాక్టరువి. అప్పు నీదయ్యా."

"ఇప్పుడు కడ్త సార్, మొత్తం."

"కట్టు. కానీ ఆ మచ్చ వెంటనే పోదు. కొన్నేళ్ళు ఉంటుంది."

బాలరాజు వడ్డీతో సహా కట్టేసి ఇంటికొచ్చాడు. జరిగింది చెప్పి, "పోనీయమ్మా, నీకెట్ల ఎర్క" అన్నాడు. ఎరుకే. వసూలు మనిషి తలుపు దగ్గర నిలబడి చెప్పింది ఆమెకే. ఆ మాట ఆ రోజే కొడుకు చెవిన వేసి ఉంటే! కొడుకు తిట్టినా కొంత నయంగా ఉండేదేమో. వాడు తిట్టలేదు.

నెల తిరక్కుండా ఇంటి ముందు కొత్త ట్రాలీ ఆగింది. అద్దం మీద బంతిపూల దండ, స్టీరింగు దగ్గర బాలరాజు. పక్కింటి తారామణి కుంకుమ భరిణె పట్టుకుని ఉరికొచ్చింది.

"మొత్తానికి కొన్నడు గదా నీ కొడుకు! కొబ్బరికాయేదక్కా?"

బాలరాజు తల దించుకున్నాడు. లక్ష్మీనర్సమ్మ తారామణి చెయ్యి పట్టి ఆపింది.

"బొట్టు వెట్టకు తారామణీ. గిది బుచ్చిబాబు సేటు బండి. మావోడు నెలజీతానికి తోల్తుండు."

"అయ్యో, బ్యాంకుల లోనొస్తదంటివి?"

"వచ్చేదే," అంది లక్ష్మీనర్సమ్మ. "నేనే రానియ్యలే."